క్వాసార్లు, కృష్ణబిలాలు: ఔత్సాహికుల ఊహలు, ఆధారాల తీర్పు

క్వాసార్ నక్షత్రం కాదు. సుదూర గెలాక్సీ నడిబొడ్డున ఉన్న మహాకృష్ణబిలం వైపు సుడులు తిరుగుతూ జారిపోయే వాయువు, అందులో పడిపోయే ముందు విపరీతంగా వేడెక్కి వెదజల్లే కాంతినే ఖగోళ శాస్త్రం ఆ పేరుతో పిలుస్తున్నది. పాఠ్యపుస్తకాలలో ఈ నిర్వచనం నేడు ఒక్క వాక్యంలో ఇమిడిపోతున్నా, అది స్థిరపడటానికి సుమారు మూడు దశాబ్దాలు పట్టింది. ఆ మధ్యకాలంలో వెలువడిన ప్రత్యామ్నాయ ఊహలలో కొన్ని పేరుమోసిన ఆచార్యులవి, మరికొన్ని వృత్తిరీత్యా ఖగోళ శాస్త్రంతో సంబంధం లేనివారివి. ఇటువంటి ప్రతిపాదనలు నేటికీ పరిశోధన సంస్థలకు, పత్రికా కార్యాలయాలకు అందుతూనే ఉన్నాయి. వాటిని తోసిపుచ్చడం తేలిక. ఏ ఊహ ఏ ఆధారం ముందు నిలిచిందో, ఏది ఎందుకు వీగిపోయిందో తెలుసుకోవడం అంతకంటె ఉపయోగకరం.

పేర్లతో వచ్చిన చిక్కు

ఊహాగానాలకు సగం కారణం పేర్లే. క్వాసార్ అనే మాటను 1964లో చైనా సంతతికి చెందిన అమెరికా ఖగోళ భౌతిక శాస్త్రవేత్త హాంగ్-యీ చియూ వాడుకలోకి తెచ్చారు. నక్షత్రం వంటి రేడియో జనకం అనే అర్థమిచ్చే పొడవైన ఇంగ్లిషు పదబంధానికి అది పొట్టి రూపం. అందులోని రెండు భాగాలూ తప్పుదారి పట్టించేవే. అది నక్షత్రం కాదని తేలింది. రేడియో తరంగాలను బలంగా వెలువరించేవి క్వాసార్లలో సుమారు పదోవంతు మాత్రమేనని కూడా తేలింది.

బ్లాక్‌హోల్ అనే మాటకు 1967లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త జాన్ వీలర్ ప్రాచుర్యం కల్పించారు. అయితే అంతకు మూడేళ్ల ముందే, 1964 జనవరిలో, ఆన్ యూయింగ్ అనే పత్రికా రచయిత్రి వ్యాసంలో అది అచ్చయింది. ప్రిన్స్‌టన్ ఆచార్యుడు రాబర్ట్ డికీ, కలకత్తాలోని 1756 నాటి చీకటికొట్టు ఉదంతాన్ని దృష్టిలో ఉంచుకొని ఈ మాటను హాస్యంగా వాడేవారని చెబుతారు. వెళ్లినవారు తిరిగి రాని గది అన్న పోలిక అది.

తెలుగులో ఈ చిక్కు మరింత ముదిరింది. మన పత్రికలు కృష్ణబిలం అనీ, కాలబిలం అనీ, కాలరంధ్రం అనీ మూడు రకాలుగా రాస్తున్నాయి. సంస్కృతంలో కాల శబ్దానికి నలుపు అనే అర్థం ఉన్నది. కాలరంధ్రం అంటే నల్లని రంధ్రం అనే ఉద్దేశం. కాని తెలుగు పాఠకునికి కాలం అనగానే మొదట స్ఫురించేది సమయం. దానితో కాలరంధ్రం కాస్తా కాలంలో పడిన రంధ్రంగా, భూత భవిష్యత్తులకు దారిగా మారిపోతుంది. తెలుగులో వచ్చే కాలయాన ఊహలు కొన్నింటికి మూలం భౌతిక శాస్త్రంలో కంటె ఈ సమాసంలోనే వెతకవలసి ఉంటుంది. ఆ దృష్టితో చూస్తే కృష్ణబిలం అన్నదే మేలైన అనువాదం. అయితే అది బిలమూ కాదు. అపారమైన ద్రవ్యరాశి, దాని చుట్టూ దాటితే కాంతి కూడా తిరిగి రాలేని ఒక సరిహద్దు, అంతే. ఆ సరిహద్దును ఘటనా క్షితిజం అంటున్నారు.

చర్చి అధికారి లెక్క

ఈ భావనకు ఆద్యుడైన జాన్ మిచెల్, ఆ లెక్క వేసేనాటికి ఇంగ్లండులోని యార్క్‌షైర్ ప్రాంతంలో ఒక చర్చి నిర్వహణ చూస్తున్న మతాధికారి. అంతకుముందు కేంబ్రిడ్జిలో భూగర్భ శాస్త్రం బోధించినవాడు. 1783లో రాయల్ సొసైటీ ముందుకు వచ్చిన పత్రంలో ఆయన వాదన ఇది: కాంతి కణాలతో కూడినదైతే గురుత్వాకర్షణ దానినీ లాగాలి. సూర్యునితో సమానమైన సాంద్రత కలిగి, వ్యాసంలో 500 రెట్లు పెద్దదైన నక్షత్రం ఉంటే దాని నుంచి బయలుదేరిన కాంతి మళ్లీ వెనక్కే పడిపోతుంది, కనుక అది మనకు కనిపించదు.

ఆయన అక్కడితో ఆగలేదు. కనిపించని నక్షత్రాన్ని ఎలా పట్టుకోవాలో కూడా చెప్పారు: దాని చుట్టూ మరో నక్షత్రం తిరుగుతూ ఉంటే, ఆ కనిపించే నక్షత్రపు కదలికను బట్టి కనిపించనిదాని ఉనికిని గుర్తించవచ్చు. 1971లో హంస రాశిలోని సిగ్నస్ ఎక్స్-1ను కృష్ణబిలంగా గుర్తించింది సరిగ్గా ఈ పద్ధతిలోనే. పాలపుంత కేంద్రంలో సూర్యునికి 40 లక్షల రెట్లకు పైబడిన ద్రవ్యరాశి దాగి ఉన్నదని, దాని చుట్టూ తిరిగే నక్షత్రాలను ఏళ్ల తరబడి గమనించి నిరూపించిన రైన్‌హార్డ్ గెంజెల్, ఆండ్రియా గెజ్‌లకు 2020లో నోబెల్ బహుమతి లభించింది. అదే బహుమతిని వారితో పంచుకున్న రోజర్ పెన్‌రోజ్ 1965 నాటి సిద్ధాంతానికి, కలకత్తాలో అమల్ కుమార్ రాయ్‌చౌధురి 1955లో ప్రచురించిన సమీకరణం పునాది.

మిచెల్ భౌతిక శాస్త్రం నేటి లెక్కలో తప్పు. కాంతి ఆయన అనుకున్నట్టు మెల్లగా వేగం తగ్గి వెనుదిరగదు. అయినా ఆయన ఊహ పరీక్షకు వీలుగా ఉన్నది.

చంద్రుడు తెర వేసిన వేళ

1950లలో రేడియో దూరదర్శినులు ఆకాశంలో వందలాది రేడియో జనకాలను గుర్తించాయి. కాని వాటి స్థానాలు స్థూలంగానే తెలిసేవి. ఏ చుక్క నుంచి ఏ తరంగం వస్తున్నదో తేల్చడం కష్టమయ్యేది. 1962లో ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో దూరదర్శినితో సిరిల్ హజార్డ్ బృందం ఒక ఉపాయం ప్రయోగించింది. చంద్రుని స్థానం క్షణక్షణానికీ ఖచ్చితంగా తెలుసు. కన్యా రాశిలోని 3సీ 273 అనే జనకాన్ని చంద్రబింబం కప్పిన క్షణం, విడిచిన క్షణం నమోదు చేస్తే ఆ జనకం ఎక్కడున్నదో లెక్కకట్టవచ్చు. అలా చూసినప్పుడు అక్కడ నీలి రంగులో ఒక సాధారణ నక్షత్రంలా కనిపించే చుక్క దొరికింది.

1963 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో మార్టెన్ ష్మిట్ ఆ చుక్క వర్ణపటంలోని వింత రేఖల గుట్టు విప్పారు. అవి కొత్త మూలకాలవి కావు; సుపరిచితమైన హైడ్రోజన్ రేఖలే, దాదాపు 16 శాతం మేర ఎరుపు వైపు జరిగాయి. రెడ్‌షిఫ్ట్ అని పిలిచే ఈ అరుణ విస్థాపనం విశ్వవ్యాకోచం వల్ల కలిగినదైతే, ఆ కాంతి బయలుదేరి సుమారు 200 కోట్ల సంవత్సరాలైంది. అంత దూరం నుంచి కూడా చిన్న దూరదర్శినికి కనిపిస్తున్నదంటే దాని ప్రకాశం మన పాలపుంత మొత్తం ప్రకాశానికి 100 రెట్లకు మించాలి.

ఇది చాలదన్నట్టు మరో సంగతి బయటపడింది. హార్వర్డ్‌లో భద్రపరచిన పాత ఛాయాచిత్ర ఫలకాలను హార్లన్ స్మిత్, డారిట్ హాఫ్లీట్ పరిశీలించగా 3సీ 273 కాంతి ఏళ్ల వ్యవధిలో, కొన్నిసార్లు అంతకంటె త్వరగా హెచ్చుతగ్గులకు లోనవుతున్నట్టు తేలింది. ఏ వస్తువైనా, కాంతి తనను ఈ చివరి నుంచి ఆ చివరికి దాటే వ్యవధి కంటె తక్కువ కాలంలో మొత్తంగా మిణుకుమనలేదు. అంటే వంద గెలాక్సీల వెలుగు, గెలాక్సీలో లక్షో వంతు కూడా లేని చోటు నుంచి వస్తున్నది. దీనిని నమ్మడం ఎవరికైనా కష్టమే.

చంద్రుని సాయంతో చేసే ఈ కొలత కోసమే గోవింద్ స్వరూప్ బృందం ఊటీ వద్ద 530 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు గల రేడియో దూరదర్శినిని నిర్మించింది. 1970లో పని మొదలుపెట్టిన ఆ పరికరాన్ని కొండవాలు మీద, వాలు కోణం అక్కడి అక్షాంశానికి సమానమయ్యేలా, సుమారు 11 డిగ్రీలు ఉండేలా నిలిపారు. దానివల్ల దాని పొడవు భూభ్రమణ అక్షానికి సమాంతరమైంది. ఒకే దిశలో తిప్పుతూ గంటల తరబడి చంద్రుని వెంటాడటం సాధ్యమైంది.

దగ్గరివా, దూరానివా?

1960లలో ముందుకు వచ్చిన ఊహలు మూడు నాలుగు తెగలవి. అరుణ విస్థాపనం దూరం వల్ల కాక, బలమైన గురుత్వం నుంచి కాంతి పైకి ఎక్కిరావడం వల్ల కలిగిందని కొందరన్నారు. అలాగైతే వర్ణపట రేఖలు వెడల్పై చెదిరిపోవాలి. అవి వెలువడే పలుచని వాయువుకు అక్కడ చోటే ఉండదు. 1964లోనే ష్మిట్, జెస్సీ గ్రీన్‌స్టీన్ ఈ దారిని మూసివేశారు. మన గెలాక్సీ నుంచే విసిరివేయబడిన వేగవంతమైన వస్తువులని జేమ్స్ టెరెల్ ప్రతిపాదించారు. మన గెలాక్సీ విసిరితే ఇతర గెలాక్సీలూ విసరాలి, వాటిలో కొన్ని మన వైపు రావాలి, వాటి కాంతి నీలం వైపు జరగాలి. నీలం వైపు జరిగిన క్వాసార్ ఒక్కటీ కనిపించలేదు. కృష్ణబిలానికి విపర్యయంగా పదార్థాన్ని వెదజల్లే శ్వేతబిలాలని సోవియట్ శాస్త్రవేత్త ఇగోర్ నోవికోవ్ ఊహించారు. గణితం ఒప్పుకున్నా ప్రకృతిలో అటువంటిది నేటివరకు దొరకలేదు.

అసలైన పోరు హాల్టన్ ఆర్ప్‌ది. విచిత్ర గెలాక్సీల చిత్రసంపుటిని 1966లో వెలువరించిన ఆర్ప్, అమెరికాలోని పాలోమర్ వేధశాలలో పనిచేసిన నిపుణ పరిశీలకుడు. దగ్గరి గెలాక్సీల పక్కనే అధిక అరుణ విస్థాపనం గల క్వాసార్లు కనిపిస్తున్నాయని, కొన్నిచోట్ల రెంటినీ కలుపుతూ కాంతి వారధి ఉన్నదని ఆయన వాదించారు. క్వాసార్లు ఆ గెలాక్సీల నుంచి పుట్టిన పిల్లలైతే వాటి అరుణ విస్థాపనం దూరానికి కొలత కాదు. అప్పుడు విశ్వం పరిమాణం, వయస్సు గురించిన లెక్కలు కూడా సందేహంలో పడతాయి. పణంగా ఉన్నది ఒక వస్తువు స్వభావం మాత్రమే కాదు.

ఆర్ప్ పరిశీలనలకు సిద్ధాంత బలం చేకూర్చినవారిలో భారతీయ శాస్త్రవేత్త జయంత్ విష్ణు నార్లీకర్ ముఖ్యులు. గురువు ఫ్రెడ్ హాయిల్‌తో కలిసి స్థిరస్థితి విశ్వం పక్షాన నిలిచిన నార్లీకర్, 1980లో పి.కె. దాస్‌తో కలిసి ఒక వివరణ ఇచ్చారు. కొత్తగా పుట్టిన పదార్థంలో ఎలక్ట్రాన్ల ద్రవ్యరాశి మొదట తక్కువగా ఉండి క్రమంగా పెరుగుతుందనుకుంటే, లేత పదార్థం వెలువరించే కాంతి సహజంగానే ఎరుపు వైపు ఉంటుంది. అంటే అరుణ విస్థాపనం దూరానికి కాక వయస్సుకు గుర్తు అవుతుంది. ఇది అల్లాటప్పా ఊహ కాదు. సమీకరణాలతో, అంచనాలతో వచ్చిన సిద్ధాంతం.

దానికి సమాధానం వాదనలతో కాక కొలతలతో వచ్చింది. 1979లో పక్కపక్కనే ఉన్న రెండు క్వాసార్ల వర్ణపటాలు అచ్చంగా ఒకటే అని గమనించారు. అవి రెండు కావు, ఒక్కటే. మధ్యలో ఉన్న గెలాక్సీ గురుత్వ కటకంలా పనిచేసి దాని ప్రతిబింబాలను చూపుతున్నది. క్వాసార్ ఆ గెలాక్సీకి వెనుక లేకపోతే ఇది జరగదు. 1982లో 3సీ 48 అనే క్వాసార్ చుట్టూ ఉన్న మసక వెలుగు నక్షత్రాల కాంతేనని, దాని అరుణ విస్థాపనం క్వాసార్‌తో సమానమని తేలింది. క్వాసార్ గెలాక్సీ లోపలే ఉన్నది. ఆర్ప్ ప్రధాన ఉదాహరణలలో ఒకటైన ఎన్‌జీసీ 4319 గెలాక్సీ, మార్కేరియన్ 205 జంట సంగతి 1990లలో హబుల్ దూరదర్శిని తేల్చింది: మార్కేరియన్ కాంతిలో ఆ గెలాక్సీ వాయువు శోషించుకున్న రేఖలు కనిపించాయి. దీపం తెరకు వెనుక ఉంటేనే తెర నీడ కాంతిలో పడుతుంది.

ఆకాశంలో పక్కపక్కన కనిపించడం ఎంత మోసకారిదో చెప్పడానికి దూరదర్శిని అక్కరలేదు. తిరునాళ్ల జనంలో తీసిన ఛాయాచిత్రంలో, ఆవలి కొండమీది దీపం ముందు నిలుచున్న మనిషి తలమీదే వెలుగుతున్నట్టు పడవచ్చు. అటువంటి చిత్రాలు కొన్నింటిని ఏరి చూపితే ఆ ఊరివారందరూ తలపై దీపాలు మోస్తారని రుజువు కాదు. స్లోన్ సర్వే 2020లో ప్రకటించిన పట్టికలో 7 లక్షల 50 వేలకు పైగా క్వాసార్లు ఉన్నాయి. అంత పెద్ద రాశిలో ఏ చిన్న జత పొరుగునైనా అద్భుతంగా చూపించే ఉదాహరణలు దొరకడం ఖాయం.

నార్లీకర్ కథలో ఒక విశేషం ఉన్నది. 1972లో ఆయన ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో చేరారు. ఊటీ దూరదర్శినిని నడుపుతున్నదీ ఆ సంస్థే. రేడియో జనకాల కోణీయ పరిమాణాలను కొలిచి గోవింద్ స్వరూప్, విజయ్ కపాహీ 1975లో ప్రచురించిన ఫలితాలు, విశ్వం కాలంతోపాటు మారుతూ వచ్చిందని సూచించాయి. స్థిరస్థితి వాదానికి అవి ఎదురుదెబ్బ. ఒకే కప్పు కింద ఈ భిన్నాభిప్రాయం సాగింది. నార్లీకర్ 1988లో పుణెలో స్థాపితమైన అంతర్ విశ్వవిద్యాలయ ఖగోళ శాస్త్ర కేంద్రానికి తొలి సంచాలకులై ఒక తరం పరిశోధకులను తీర్చిదిద్దారు. 2025 మే 20న కన్నుమూసేవరకు మహావిస్ఫోట సిద్ధాంతాన్ని ప్రశ్నించడం మానలేదు. ఆర్ప్‌కు అంత సానుకూలత దక్కలేదు. 1980ల తొలినాళ్లలో పాలోమర్‌లో పరిశీలన సమయం నిరాకరించడంతో ఆయన జర్మనీకి వెళ్లిపోయారు, 2013లో మరణించారు. ఆయన తప్పని తేలడం వేరు, ఆయనకు దూరదర్శినిని దూరం చేయడం వేరు. మొదటిది శాస్త్రం చేసిన పని. రెండవది సంస్థ చేసిన పని, దానిని సమర్థించడం కష్టం.

కన్నుతో గెలిచినవారు

వృత్తి శాస్త్రజ్ఞులు కానివారి చరిత్రను చూస్తే ఒక తేడా స్పష్టంగా కనిపిస్తుంది. గ్రోట్ రెబర్ షికాగో సమీపంలోని వీటన్ పట్టణంలో 1937లో సొంత ఖర్చుతో, తన ఇంటి స్థలంలో 9 మీటర్లకు పైగా వ్యాసమున్న రేడియో పళ్లెం నిలబెట్టిన ఇంజినీరు. కొంతకాలంపాటు ప్రపంచంలో రేడియో ఖగోళ పరిశీలన చేస్తున్నవాడు దాదాపు ఆయన ఒక్కడే. ఆయన గీసిన ఆకాశ పటాలలో హంస రాశిలో కనిపించిన జనకాలలో ఒకటి సిగ్నస్ ఏ. దానికి శక్తినిస్తున్నది 70 కోట్ల కాంతి సంవత్సరాలకు మించిన దూరంలోని గెలాక్సీలో ఉన్న మహాకృష్ణబిలమని తరువాతి తరం గ్రహించింది. అదే రెబర్ మలివయసులో మహావిస్ఫోటాన్ని తిరస్కరించి, అనంతమైన, మార్పులేని విశ్వాన్ని ప్రతిపాదిస్తూ రాశారు. ఆ రచనలు నిలవలేదు. పటాలు నిలిచాయి.

2007లో నెదర్లాండ్స్ ఉపాధ్యాయిని హానీ ఫాన్ ఆర్కెల్, గెలాక్సీల చిత్రాలను పౌరుల చేత వర్గీకరింపజేసే గెలాక్సీ జూ కార్యక్రమంలో పాల్గొంటూ ఒక గెలాక్సీ పక్కన అర్థంకాని మరక చూశారు. అదేమిటని అడిగారు. తరువాతి పరిశీలనలలో అది ఆకుపచ్చగా మెరిసే, ఒక గెలాక్సీ అంతటి విస్తారం గల వాయుమేఘమని తేలింది. పక్కనున్న ఐసీ 2497 గెలాక్సీ కేంద్రంలో ఒకప్పుడు వెలిగిన క్వాసార్ ఆ మేఘాన్ని ప్రకాశింపజేసింది. ఆ క్వాసార్ గత 2 లక్షల సంవత్సరాలలోపే మసకబారినా, దారిలో ఉన్న పాత కాంతి ఇంకా మేఘాన్ని చేరుతున్నది. క్వాసార్లు ఖగోళ కాలమానంలో ఇంత త్వరగా ఆరిపోగలవనడానికి అది చక్కని సాక్ష్యం. డచ్ భాషలో వస్తువు అనే అర్థమిచ్చే మాటను చేర్చి దానికి హానీస్ ఫూర్‌వెర్ప్ అని పేరు పెట్టారు. ఆమె సిద్ధాంతమేదీ చెప్పలేదు, ప్రశ్న మాత్రమే వేశారు.

తరచుగా వచ్చే మూడు ప్రశ్నలు

కృష్ణబిలం చుట్టూ ఉన్నదంతా లాగేసుకుంటుందా? లేదు. సూర్యుని స్థానంలో అంతే ద్రవ్యరాశి గల కృష్ణబిలాన్ని ఉంచితే భూమి ఇదే కక్ష్యలో తిరుగుతుంది; చీకటిలో, చలిలో తిరుగుతుంది. ఆ బిలం వ్యాసార్ధం 3 కిలోమీటర్లు మాత్రమే. వాయువు అందులో పడాలంటే ముందు తన భ్రమణ వేగాన్ని కోల్పోవాలి. ఆ ప్రయత్నంలో చక్రంలా పేరుకొని, పొరలు ఒరుసుకొని వేడెక్కుతుంది. హైడ్రోజన్ సంలీనంలో ద్రవ్యరాశిలో 0.7 శాతం శక్తిగా మారితే, ఇక్కడ సుమారు 6 శాతం నుంచి, బిలం అతివేగంగా తిరుగుతున్నట్లయితే 42 శాతం వరకు మారవచ్చు. క్వాసార్ వెలుగు రహస్యమంతా ఇదే. ఎడ్విన్ సాల్పీటర్, యాకోవ్ జెల్డోవిచ్ 1964లో విడివిడిగా ఈ దారి చూపగా, డొనాల్డ్ లిండెన్-బెల్ 1969లో దానికి సమగ్ర రూపమిచ్చారు.

కృష్ణబిలం ఊహకందనంత సాంద్రమా? అన్నీ కాదు. ఘటనా క్షితిజం వ్యాసార్ధం ద్రవ్యరాశితో సమంగా పెరుగుతుంది గనుక, బిలం పెద్దదైన కొద్దీ సగటు సాంద్రత వేగంగా పడిపోతుంది. 2019 ఏప్రిల్ 10న విడుదలైన చిత్రంతో ప్రసిద్ధమైన ఎం87 కృష్ణబిలం 650 కోట్ల సూర్యుల బరువు గలది. క్షితిజం లోపలి ఘనపరిమాణంతో సాదాగా భాగించి చూస్తే, దాని సగటు సాంద్రత మనం పీల్చే గాలి కంటె తక్కువ.

విశ్వమే ఒక కృష్ణబిలమా? ఔత్సాహికులకు మిక్కిలి ప్రీతిపాత్రమైన ఊహ ఇది. కెనడాలో ఆచార్యుడిగా ఉన్న భారత సంతతి భౌతిక శాస్త్రవేత్త రాజ్‌కుమార్ పత్రియా 1972లోనే నేచర్ పత్రికలో దీనిని చర్చించారు. పరిశీలించగల విశ్వపు ద్రవ్యరాశికి తగిన కృష్ణబిల వ్యాసార్ధం లెక్కిస్తే అది విశ్వపు పరిమాణానికి దగ్గరగా వస్తుందన్నది ఆకర్షణ. కాని ఆ సామ్యం రహస్య సంకేతం కాదు. వక్రత లేని, వ్యాకోచించే విశ్వానికి రాసే సమీకరణంలోనే ఆ సమానత్వం ఇమిడి ఉన్నది. కాబట్టి అంకెలు సరిపోవడం కొత్తగా ఏదీ నిరూపించదు. పైగా కృష్ణబిలానికి బయటి ప్రదేశం, ఒక కేంద్రం ఉంటాయి. విశ్వంలో అటువంటి కేంద్రం కనిపించలేదు.

తేలని లెక్క

ఊహకు చోటున్న ప్రశ్న ఒకటి నిజంగానే మిగిలి ఉన్నది. 2021లో ప్రకటించిన జే0313-1806 అనే క్వాసార్‌లోని కృష్ణబిలం 160 కోట్ల సూర్యులంత బరువైనది. మహావిస్ఫోటం తరువాత 67 కోట్ల సంవత్సరాలకే అది ఆ స్థాయికి చేరింది. వాయువును మింగుతున్న బిలం వెలువరించే కాంతే తక్కిన వాయువును వెనక్కి నెడుతుంది గనుక, ఆ పెరుగుదలకు ఒక హద్దు ఉన్నది. ఆ హద్దులో బిలం రెట్టింపు కావడానికి 3 కోట్ల సంవత్సరాలకు పైగా పడుతుంది. 100 సూర్యుల బరువుతో మొదలైన బిలం 160 కోట్లకు చేరాలంటే 24 సార్లు రెట్టింపు కావాలి. ఒక్కరోజు ఉపవాసం లేకుండా మింగినా సుమారు 80 కోట్ల సంవత్సరాలు కావాలి. అంత వ్యవధి అప్పటికి విశ్వానికే లేదు. (ఈ హద్దుకు ఆర్థర్ ఎడింగ్టన్ పేరు పెట్టారు. నక్షత్రాల అంత్యదశ గురించి యువకుడైన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ చేసిన లెక్కను 1935లో లండన్‌లో బహిరంగంగా ఎగతాళి చేసింది ఆయనే.)

కొన్ని బిలాలు నక్షత్ర దశను దాటవేసి, భారీ వాయుమేఘాలు నేరుగా కుప్పకూలడంతో పదివేలు, లక్ష సూర్యుల బరువుతోనే పుట్టాయని ఒక వాదం. హద్దును మీరి మింగే దశలు ఉంటాయని మరొకటి. జేమ్స్ వెబ్ దూరదర్శిని ఇంకా పూర్వకాలపు బిలాలను వెలికితీస్తుండటంతో ఈ చర్చ మరింత వేడెక్కింది.

3సీ 273ను స్వయంగా చూడదలచినవారికి 8 అంగుళాల దూరదర్శిని, నగర దీపాలకు దూరమైన ఆకాశం, మంచి నక్షత్ర పటం చాలు. ఏప్రిల్, మే నెలల రాత్రులలో కన్యా రాశి తల పైకి వస్తుంది. దాని ప్రకాశం సుమారు 13వ తరగతిది కనుక గుర్తించడానికి ఓపిక కావాలి. 1911లో ఏర్పడిన అమెరికా చరకాంతి నక్షత్ర పరిశీలకుల సంఘం, ఔత్సాహికులు పంపే దాని కాంతి కొలతలను నేటికీ నమోదు చేసుకుంటున్నది.